ఇత్తడి అచ్చుకి చెంబెడు నీళ్లు

ఈ చాయ్ గ్లాసు నా చేతిలో ఎట్లా వణుకుతోందో చూశారా? నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే వరస. మీ పంచెల మీద ఒలికితే తిట్టుకోకండి. నిన్న నేను పరిగెత్తిన పరుగు గురించి బజారులో ఏవేవో చెప్పుకుంటున్నారట. వాళ్లు చెప్పేదాంట్లో సగం అబద్ధం. అసలు సంగతి అంతకన్నా అధ్వానం. మీరంతా మన కోసిగి వాళ్లే కాబట్టి చెబుతున్నాను, నవ్వుకున్నా ఇక్కడే నవ్వుకోండి.

రెండేళ్లు వానల్లేక నా కొర్ర చేను ఎండిపోయిందని మీకు తెలుసు కదా. నాలుగు నెలల కింద కర్నూలొచ్చి హుసేన్ సాబు షెడ్డులో చేరాను. ఇత్తడి పోత పోసే పని. ఈ యుద్ధం మొదలైనప్పటి నుంచి బొంబాయి నుంచి మిషన్ సామాన్లు రావడం లేదు. మిల్లుల్లో ఏది విరిగినా మా ఉస్తాదు, అదే హుసేన్ సాబు, దగ్గరికే వస్తారు. కొలిమికి తిత్తి ఊదేది ఆయన భార్య బీబమ్మత్త. ఉస్తాదుకి ఒక కన్నే ఉంది. రెండోది చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయిందేమో అనుకుని నేనెప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

అచ్చు తీయడం చూడటానికి పిల్లలాటలాగే ఉంటుంది. రెండు చెక్క చట్రాలు. కింది చట్రంలో వస్తువు నమూనా పెట్టి, జిగట మన్ను కలిపిన ఇసుకని చుట్టూ దట్టించాలి. పైన బూడిద చల్లి, రెండో చట్రం పెట్టి, దాంట్లోనూ దట్టించాలి. తర్వాత రెండూ విడదీసి నమూనాని మెల్లగా పైకి తీస్తే, ఇసుకలో దాని ఆకారం ఖాళీగా నిలబడుతుంది. మళ్లీ మూసి, పైన వదిలిన బొక్కలోంచి కరిగిన ఇత్తడి పోయడమే. ఇంతే కదా అనుకున్నాను. మొదటిసారి బూడిద చల్లడం మరిచిపోయాను. రెండు చట్రాలూ ఎంత లాగినా విడిపోలేదు. రెండోసారి ఇసుక సరిగ్గా దట్టించలేదు. నమూనా పైకి తీయగానే అచ్చంతా కుప్పకూలింది. ఆ రోజు ఉస్తాదు నన్ను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా ఒక మాట చెప్పాడు.

"రెండు తప్పులు నేనూ చేసినా ఈరన్నా. మూడోది చేసినావంటే కోసిగి రైలెక్కు."

ఆ మాట అన్నప్పటి నుంచి నాకు నిద్రలో కూడా రైలు కూతే వినపడేది. ఇంటికి పోతే ఏం తినాలి? ఎండిన కొర్ర దంట్లా?

ఇంక నిన్నటి సంగతి. చెనక్కాయల నూనె మిల్లులో పళ్ల చక్రం ఒకటి విరిగింది. మిల్లు ఆగిపోయింది. మేనేజరు పొద్దున్నే వచ్చి, చక్రం చేతికొచ్చేదాకా కదిలేది లేదని మా షెడ్డు ముందర మంచమేసుకుని కూర్చున్నాడు. ఉస్తాదు నన్ను చూసి, ఈ అచ్చు నువ్వే తియ్యి అన్నాడు. ముందు రైలు టికెట్టు డబ్బులు లెక్కపెట్టుకున్నాను. అయినా దేవుడి దయ, ఈసారి బూడిద మరవలేదు, దట్టింపు వదులు కాలేదు. నమూనా పైకి తీస్తే చక్రం పళ్లు ఒక్కొక్కటీ అచ్చుగుద్దినట్టు ఇసుకలో నిలబడ్డాయి. ఉస్తాదు వంగి, తనకున్న ఆ ఒక్క కన్నూ ఇసుకకి ఆనించినంత దగ్గరగా పెట్టి చుట్టూ చూశాడు. బాగుండాది అన్నాడు. నమాజుకి పోయొస్తాను, నువ్వు మూసిపెట్టు అని చెప్పి వెళ్లాడు. బీబమ్మత్త లోపల రొట్టెలు చేస్తోంది. మేనేజరు మంచం మీద గురక పెడుతున్నాడు.

మూసిపెడితే అయిపోయేది. కానీ నా చేత్తో నేను తీసిన మొదటి అచ్చు కదా, కాసేపు చూసుకుందామని కూర్చున్నాను. కర్నూలు ఎండ సంగతి మీకు తెలియంది కాదు. చూస్తుండగానే ఇసుక నల్లదనం పోయి అంచులు తెల్లబడ్డాయి. ఒక పన్ను మొన నుంచి నాలుగు రేణువులు రాలాయి. తర్వాత ఇంకో నాలుగు. ఇంకాసేపుంటే పన్నే రాలిపోతుంది, మూడో తప్పు నా ఖాతాలో పడుతుంది. నా చెవుల్లో రైలు కూసింది. పక్కకి చూస్తే నీళ్ల కుండ, దాని మీద చెంబు.

నన్ను తిట్టేముందు మీరే చెప్పండి. మన కోసిగిలో పుట్టినోడు కళ్లముందు మన్ను ఎండుతుంటే, చేతికందే చోట చెంబు ఉంటే, ఊరుకుంటాడా? నీళ్లెక్కువై ఏదన్నా చెడిందని మన తాతల కాలం నుంచి ఎవరన్నా చెప్పగా విన్నామా? వేళ్లతో చిలకరించాను. ఇసుక గుటుక్కున తాగేసింది. ఇంకాస్త చిలకరించాను. అదీ తాగేసింది. పాపం దప్పికగొన్న మన్ను అనుకుని చెంబంతా రెండు చట్రాలకీ పంచాను. ఎంత బాగుందో! తొలకరి పడిన చేనులాగా నల్లగా, నున్నగా. రాలడం ఆగిపోయింది. మూసేసి, పైన రెండు బండరాళ్లు పెట్టి, మీసం దువ్వుకున్నాను.

ఉస్తాదు వచ్చాడు. మూసిన చట్రం చూసి తలాడించాడు. కొలిమి రాజేశారు. బీబమ్మత్త తిత్తి ముందు కూర్చుంది. మూసలో, అదే కొలిమిలో పెట్టే మట్టి గిన్నెలో, ఇత్తడి కరగడం మొదలైంది. ఆ మూసని కొలిమిలోంచి ఎత్తి మోయడానికి, నడుమ ఇనప కట్టు ఉన్న పొడుగు కాడి ఒకటి ఉంటుంది. రెండు కొనలకీ ఇద్దరు మనుషులు పట్టాలి. ముందు కొన ఉస్తాదుది. వెనక కొన పట్టే మనిషి నిన్న రాలేదు. బీబమ్మత్త తిత్తి ఊదుతూనే నన్ను దగ్గరికి పిలిచింది.

"ఈరన్నా, ఈపొద్దు రెండో కొన నువ్వే పట్టాల. జాగ్రత్తప్పా. ఆయనకి మిగిలింది ఒక కన్నే. అది నీ చేతిలో పెడతాండా."

ఇంకో కన్ను ఎట్లా పోయిందత్తా అని అడిగాను. అప్పటిదాకా అడగనివాణ్ని అప్పుడే అడగాలా? ఆమె మామూలుగా చెప్పింది. పెళ్లైన కొత్తలో, వేరే ఊళ్లో, ఎవరో అచ్చుని సరిగ్గా చూసుకోలేదట. లోపల గుక్కెడు తడి మిగిలిపోయిందట. కాగిన ఇత్తడి ఆ తడి మీద పడగానే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై, పోసిందంతా బొక్కలోంచి ఎగిరి మొహం మీద పడిందట. గుక్కెడే, అని రెండు వేళ్లు దగ్గర పెట్టి చూపించింది.

గుక్కెడుకి ఒక కన్ను. నేను పోసింది చెంబు!

లేచి చట్రం దగ్గరికి పోయాను. ఎండకి ఆరి ఉంటుందిలే అని చెయ్యి పెట్టి చూశాను. చల్లగా తగిలింది. రెండు చట్రాల సందులోంచి ఒక చుక్క మెల్లగా ఉబికి కిందికి జారింది. చెప్పేద్దాం అనుకుని ఉస్తాదు వైపు తిరిగాను. ఆయన మేనేజరుతో మాట్లాడుతున్నాడు. ఇది మా ఈరన్న తీసిన అచ్చు, నేను చెయ్యి పెట్టలేదు, చూడండి ఎట్లా వస్తుందో అని నన్ను చూపిస్తున్నాడు. అంత సంబరంగా ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. నోరు తెరిచాను. గొంతులో తడి ఆరిపోయింది. నా దగ్గరున్న తడంతా ఆ అచ్చులోనే ఉంది మరి.

ఇంతలో రమ్మని కేక. కాళ్లు వాటంతటవే పోయాయి. చేతులు వాటంతటవే కాడిని పట్టుకున్నాయి. మూస పైకి లేచింది. లోపల ఇత్తడి కళ్లు చెదిరే వెలుగుతో తొణుకుతోంది. వేడికి నా కనుబొమలు చిటపటమన్నాయి. ఉస్తాదు అచ్చు వైపు నడిచాడు, వెనక నేను. నాలుగడుగులు. మూడు. ఆయన మూసని వంచడానికి నా వైపు తిరిగి, కన్ను చికిలించి బొక్క మీదికి మొహం వంచాడు. అదే కన్ను.

అప్పుడు నా కాళ్లు వెనక్కి పరిగెత్తాయి.

పరిగెత్తాలనుకుంది నేను ఒక్కణ్నే. కానీ కాడి నా చేతిలో ఉంది కదా, మూస నాతో పాటే వచ్చింది. మూసతో పాటు ఉస్తాదూ వచ్చాడు. వదిలితే ఇద్దరి కాళ్లూ కాలిపోతాయి, అందుకని ఆయనా వదల్లేడు, నేనూ వదల్లేను. నేను వెనక్కి వెనక్కి, ఆయన నా మొహంలోకి చూస్తూ ముందుకి ముందుకి. మేనేజరు హడలిపోయి మంచమెక్కి నిలబడ్డాడు. బీబమ్మత్త తిత్తి వదిలేసి గోడకి అతుక్కుంది. యాడికి పోతాండావప్పా, యాడికి అని ఉస్తాదు అడుగుతూనే ఉన్నాడు. యాడికో నాకు తెలిస్తే కదా చెప్పడానికి! షెడ్డు దాటి, వాకిలి దాటి, వీధిలోకి ఒక చుట్టు చుట్టి మళ్లీ వాకిట్లోకి వచ్చాం. బజారోళ్లు చూసింది ఆ చుట్టే. ఆఖరికి నా వీపు గోడకి తగిలింది. ఇంక పోవడానికి చోటు లేదు. కరిగిన ఇత్తడి మా ఇద్దరి మధ్యా ఊగుతోంది.

"ఉస్తాదూ... చెంబు" అన్నాను. నోట్లోంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

ఆయన తల తిప్పి నీళ్ల కుండ వైపు చూశాడు. కుండ పక్కన చెంబు బోర్లా పడి ఉంది. అచ్చు వైపు చూశాడు. చట్రం కింద నేల నల్లగా తడిసి ఉంది.

"ఎంత పోసినావు?"

"అంతా."

తిట్టలేదు. బెదిరిన కోడెదూడతో మాట్లాడినట్టు, నా అడుగులో అడుగెయ్యి, నేలకేసి చూడు, మూసకేసి చూడొద్దు అని మెల్లగా చెబుతూ నన్ను కొలిమి పక్కకి నడిపించాడు. అక్కడ కడ్డీలు పోసే ఇనప దోనె వేడిగా, పొడిగా ఉంది. ఇత్తడంతా దాంట్లో పోశాం. ఖాళీ మూస కింద పెట్టాం. పెట్టినా నా చేతులు కాడిని వదల్లేదు. బీబమ్మత్త వచ్చి, ఒక్కొక్క వేలికీ ఆముదం రాసి విడదీసింది.

తర్వాత ఉస్తాదు చట్రం విప్పాడు. పళ్లూ లేవు, చక్రమూ లేదు, బురద. పిడికెడు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. తర్వాత తన మంచి కన్నుని వేలితో ఒకసారి తడుముకున్నాడు. నేను అది చూశాను. అది చూడకుండా ఉంటే బాగుండేది.

మేనేజరు ఊరుకుంటాడా, ఎవడు వీడు అని లేచాడు. తప్పు నాది, కొత్తవాడికి తడి సంగతి నేను చెప్పలేదు, రేపు సాయంత్రానికి చక్రం మీ మిల్లులో ఉంటుంది అని ఉస్తాదు ఆయన్ని పంపేశాడు. ఆ మాటతో నా ప్రాణం ఇంకా చచ్చిపోయింది. లోపలికి పోయి నా మూట కట్టుకుని బయటికొచ్చాను.

"యాడికప్పా?" అన్నాడు.

"కోసిగికి. మూడోది అయిపోయింది కదా ఉస్తాదూ."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. మొదట మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. నవ్వుతున్నాడని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"బయపడి మూసని పారేసి పరిగెత్తినోళ్లని శానామందిని చూసినా. మూసతో సహా పరిగెత్తినోన్ని నిన్నే చూసినా. మూట ఆడ పెట్టు. రేపటి నుంచి రెండో కొన ఎప్పటికీ నీదే."

మూట పెట్టేశాను. అన్నం పోయిందనుకున్నవాడికి అన్నం దొరికింది, నిజమే. కానీ ఏ కొన పట్టుకుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నానో, అదే కొన నాకు జీవితాంతం రాసిచ్చాడు. మీరు దీన్ని బహుమతి అంటారో, శిక్ష అంటారో నాకు తెలియదు. ఈరోజు పొద్దున చక్రం పోశాం. ఉస్తాదే అచ్చు తీశాడు. నేను కళ్లు మూసుకుని కాడి పట్టుకున్నాను. చక్రం బంగారంలా వచ్చింది.

ఒక్కటి మాత్రం మారింది. నీళ్ల కుండ ఇప్పుడు షెడ్డులో లేదు. ఇంట్లోకి మార్చారు. చెంబు పైన అటక మీద పెట్టారు. నీళ్లు లేక మన కోసిగి వదిలి, నీళ్లున్న నది ఒడ్డుకొచ్చి బతుకుతున్నవాణ్ని నేను. ఈ పొద్దున పని మధ్యలో నాలుక పిడచకట్టుకుపోయి, అత్తా, చెంబెడు నీళ్లు అన్నాను. బీబమ్మత్త అటక మీద చెయ్యి పెట్టి, చెంబు తీయకుండా, వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది.

"తాగేకేనా?" అంది.