డింగిల్ దాకా నేనే

మా ఇంట్లో డ్రైవింగ్ లైసెన్సు ఉన్నది నాకొక్కదానికే. ఈ మాట ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతుంటాను. మా ఆయనకు ఉన్నది లెర్నర్ పర్మిట్. గడువు తీరినప్పుడల్లా దాన్ని మళ్లీ తీసుకుంటాడు, భద్రంగా పర్సులో పెట్టుకుంటాడు, కడుపులో చల్ల కదలకుండా డబ్లిన్‌లో మేముండే బోమాంట్‌లో బస్సెక్కి డాక్‌ల్యాండ్స్‌లో తన ఆఫీసు దగ్గర దిగుతాడు. నా సంగతి అలా కాదు. నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీ ఊరవతల పొలాల మధ్య ఉంది. అటు బస్సు లేదు. షిఫ్టుకు పోవాలంటే కారు నేర్చుకోవలసిందే. నేర్చుకున్నాను. పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి నా పక్కన కూర్చున్న పెద్దమనిషి చివర్లో "గ్రాండ్" అన్నాడు. ఈ దేశంలో టీ కుదిరినా గ్రాండే, వాన తగ్గినా గ్రాండే. పాసయ్యానో లేదో తెలియక ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. కాగితం చేతికిచ్చాక కార్ పార్కులోనే ఏడ్చాను, సంతోషంతోనే.

అందుకే మా అత్తమ్మ జగిత్యాల నుంచి మొదటిసారి విమానమెక్కి మా దగ్గరికి వచ్చినప్పుడు, ఆమె సూట్‌కేసు విప్పకముందే ప్రకటించేశాను, ఐర్లాండ్ అంతా కారులో తిప్పి చూపిస్తానని. నిజానికి ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నా మేము చూసిందీ తక్కువే. సెలవులన్నీ ఇండియా పోయి రావడానికే సరిపోయేవి. మామయ్య పోయాక అత్తమ్మ కూడా గడప దాటింది లేదు. చుట్టాలనో దేవుళ్లనో కాకుండా ఊళ్లను చూడటానికి బయలుదేరడం మా ఇంటికి ఇదే మొదలు.

డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచాను. ఫోనులో ఉంటుంది కదా అని మా ఆయన నవ్వాడు. ఉంటుంది, కానీ వేలు పెట్టి చూపించడానికి అత్తమ్మకు కాగితమే నయం. కిల్కెన్నీలో కోట, కార్క్‌లో పాత బజారు, కిలార్నీలో సరస్సులు, తర్వాత ట్రాలీ, అక్కణ్నుంచి కొండ మీదుగా డింగిల్. ఆ కొండదారి పేరు కానర్ పాస్. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ, మధ్యలో ఒక్క కారు పట్టేంత రోడ్డు. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే, ఆ కెర్రీ జిల్లా ఆవిడ ఒకసారి చెప్పింది, అది ఎక్కి దిగినవాళ్లనే వాళ్ల ఊళ్లో డ్రైవర్ అంటారని. ఆ రోజు నుంచి నా కన్ను ఆ రోడ్డు మీదే. కోటలూ సరస్సులూ అత్తమ్మకు, ఆ కొండ నాకు.

ఊళ్లు నేను ఎంచుకున్నాను కాబట్టి బసలూ భోజనాలూ తాను చూసుకుంటానన్నాడు మా ఆయన. సరే అన్నాను. నాలుగు రోజుల్లో ప్లాన్ తయారు. చూస్తే ప్రతి ఊళ్లో మనవాళ్ల ఇంట్లో ఒక భోజనం. కిల్కెన్నీలో అతని పాత రూమ్మేటు, కార్క్‌లో ఆ రూమ్మేటు తమ్ముడు, ట్రాలీ ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న ఒక అక్క, ఆమె భర్త. మనవాళ్ల సంగతి తెలియనిది కాదు. వాళ్ల ఊరి మీదుగా పోతూ ఇంట్లో అన్నం తినకుండా వెళ్లామని తెలిస్తే ఏడాది పాటు దెప్పుతారు. అయినా కోటకు అరగంట, పప్పుచారుకు రెండు గంటలు ఏమిటి?

"ఇది ఐర్లాండ్ యాత్రనా, అన్నదానం యాత్రనా?" అన్నాను.

"అమ్మకు బయటి తిండి పడదు కదా" అన్నాడు. నిజమేననుకుని ఊరుకున్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం చపాతీలు ఒత్తుతుంటే ట్రాలీ అక్క ఫోన్ చేసింది. అత్తమ్మ కారం తింటుందా లేదా అడిగింది, పడకలు ఎట్లా సర్దాలో అడిగింది. చివర్లో ఎంతో ప్రేమగా అన్నది:

"చెల్లె, నువ్వేం ఫికర్ చెయ్యకు. కిల్కెన్నీ కెళ్లి కార్క్ దాకా మీ ఆయన దోస్తు, కార్క్ కెళ్లి మా దాకా ఆ తమ్ముడు తోల్తడట కదా. ఈడికెళ్లి డింగిల్ దాకా మా ఆయన తోల్తడు. మీ ఆయన అప్పుడే చెప్పిండు. నువ్వు ఎన్క మంచిగ కూసోని చూస్కుంట రా."

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నాది మొగుడి మీద కోపం, చపాతీ మీద పడింది. అది పీటకు అతుక్కుపోయి మళ్లీ రాలేదు.

మా ఆయన వచ్చి బూట్లు విప్పుతుండగానే అందుకున్నాను.

"ప్రతి ఊళ్లె నాకొక డ్రైవర్‌ను పెట్టినవా?"

"అట్ల కాదు. అలిసిపోతవని. ఆడ రోడ్లు మస్తు సన్నగుంటయి."

"చలికాలం చీకట్ల, మంచుల, షిఫ్టుకు పోతుంటె అలిసిపోలేదా? అప్పుడు ఎవర్ని పెట్టినవ్?"

"నాదేం లేదే. అమ్మ భయపడ్తదని."

అత్తమ్మ సోఫాలోనే కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. తలెత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, దాంతో అసలు సంగతి కూడా గుర్తొచ్చింది.

"ఇంకో మాట చెప్పు. ఇన్సూరెన్సుల నా పేరొక్కటే ఉన్నది. దార్ల ఏమన్న అయితె గార్డులకు ఏం చెప్తవ్? మా అక్క మొగుడు, మంచోడు అని చెప్తవా?"

అప్పుడు పోయింది మా ఆయన మొహంలో రంగు. గార్డులంటే ఇక్కడి పోలీసులు. ఈ దేశంలో ఇన్సూరెన్సులో పేరున్నవాళ్లే బండి ముట్టుకోవాలి. మన దగ్గర తాళం చెవి గాల్లోకి విసిరితే పట్టుకున్నవాడే డ్రైవరు. పెళ్లికైనా, ఆస్పత్రికైనా ఒకరి బండి ఇంకొకరు తోలుకుపోవడమే. కిల్కెన్నీ, కార్క్, ట్రాలీ మూడు ఊళ్ల మగవాళ్లూ ఫోన్లలో మాట్లాడుకుని నా కారును పంచుకున్నారు గానీ, ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. అందరూ రోజూ ఇక్కడే కార్లు నడుపుతున్నవాళ్లే. ఆడమనిషిని పక్కకు జరపాలనేసరికి అందరికీ జగిత్యాల గుర్తొచ్చింది.

ఆ మాటతో వాళ్ల ఏర్పాటు మొత్తం కూలిపోయింది. నేను గెలిచాను. కానీ గెలిచినట్టు అనిపించలేదు. "అమ్మ భయపడ్తది" అన్న మాట ఆ రాత్రంతా నన్ను వదల్లేదు. ఆమె నిజంగానే భయపడుతుంటే నా లైసెన్సూ నా కొండా ఎందుకు? ఆమె కోసమే కదా ఈ ప్రయాణం. మర్నాడు ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తమ్మా, నేను తోల్తె భయమైతదా?"

"చూద్దాం తియ్యి" అన్నది. అంతే.

ఆదివారం అందరినీ ఊరి చివర సముద్రం ఒడ్డున కొండ ఉన్న హౌత్ తీసుకుపోయాను. అత్తమ్మ ఎప్పటిలాగే వెనక సీట్లో, ఒళ్లో సంచి పెట్టుకుని, నాలుగో క్లాసు చదివే మా అమ్మాయి పక్కన కూర్చుంది. కొండ మీద సన్నటి మలుపులో ఎదురుగా టూరిస్టు బస్సు వచ్చి నిలబడింది. పక్కకు తప్పుకునే చోటు లేదు. నేనే వెనక్కి పోవాలి. మా ఆయన రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు, తానే ఆపబోతున్నట్టు. నేను అద్దాలు చూసుకుంటూ, గోడకు తగలకుండా, వంపు మొదలు దాకా వెనక్కి తెచ్చి ఆపాను. బస్సు డ్రైవరు చెయ్యెత్తి పోయాడు.  రేవు దగ్గర దిగాక అత్తమ్మ "గాలి మస్తున్నది" అని మాత్రం అన్నది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

బయలుదేరే పొద్దున అత్తమ్మ అందరికంటే ముందు లేచి స్నానం చేసింది. కారుకు పసుపు, కుంకుమ పెట్టింది. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. పక్కింటి ముసలావిడ చెత్తడబ్బా లోపలికి లాక్కుంటూ ఆగి, అదేమిటని అడిగింది. చెబితే నవ్వి, వాళ్ల నాన్న కూడా కొత్త ట్రాక్టరు మీద చర్చి నీళ్లు చల్లేవాడని చెప్పింది. ఆ మాట తెలుగులో చెబితే అత్తమ్మ ఆమె వైపు గౌరవంగా చూసింది.

అందరం ఎక్కబోతున్నాం. మా ఆయన అలవాటు కొద్దీ ముందు తలుపు తెరిచాడు. అత్తమ్మ వచ్చి ఆ తలుపు పట్టుకుని నిలబడింది.

"నువ్వు ఎన్కకు పో."

"అమ్మా, దారి చూపియ్యాలె కదా నేను."

"దారి ఆ ఫోను చెప్తది. నువ్వు ఎన్క కూసో. పులిహోర సంచి ఒళ్లె పెట్టుకో."

"నీకు భయమైతదని..."

"నీకు నేనెప్పుడన్న చెప్పిన్నా భయమని? తిరుపతికి పోయిన. షిర్డీకి పోయిన. కొండగట్టుకు ఎన్నిసార్లు పోయిన్నో. ముందట మీ నాయిన కూసునేది. ఎన్క నేను, పిల్లలు, సంచులు. ఇన్నేండ్లు నేను చూసింది రోడ్డు కాదు బిడ్డా, మీ నాయిన మెడ. గిప్పుడన్న నన్ను రోడ్డు చూడనియ్యి."

మా ఆయన సంచి అందుకుని వెనక తలుపు వైపు నడిచాడు. వెనక నుంచి మా అమ్మాయి తన డబ్లిన్ ఇంగ్లీషులో "యు'ర్ గ్రాండ్, డాడీ, సిట్ విత్ మీ" అని జరిగి చోటిచ్చింది. అత్తమ్మ కొంగు సర్దుకుని ముందు సీట్లో కూర్చుంది. బెల్టు ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. ముందు సీటు బెల్టు ఆమె ఎన్నడూ పెట్టుకోలేదు మరి. నేను వంగి పెడుతుంటే నా చెవి దగ్గర మెల్లగా అన్నది:

"ఆ కొండ రోడ్డు ఎవ్వలకు ఇయ్యకు. నువ్వే తోలు. మొన్న బస్సు కాడ ఎన్కకు తెచ్చినవ్ సూడు, అప్పుడే అనుకున్న."

నా జీవితంలో అంతగా ఎన్నడూ గర్వపడలేదు, లైసెన్సు కాగితం అందుకున్న రోజు కూడా. ఏడుపొచ్చింది. కానీ అద్దాలు చూసుకోవాలి కాబట్టి ఆపుకున్నాను.

"ఇగ పోనియ్యి" అన్నది అత్తమ్మ.

నిమ్మకాయలు నాలుగూ నలిగాయి. అద్దంలో చూస్తే మా ఆయన, ఒళ్లో పులిహోర సంచితో, నా మెడ చూస్తూ కూర్చున్నాడు.