బాంబర్ విమానం ముక్కు అద్దం

పోయిన వేసవిలో మా భోజనాల బల్ల మీద భోజనం అన్నది లేదు. బల్ల నిండా విమానమే. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసిన నాలుగింజన్ల విమానానికి నమూనా అట. ఐదొందల పైచిలుకు ప్లాస్టిక్ ముక్కలు, వాటిలో కొన్ని బియ్యపు గింజంత ఉంటాయి. మావారు ఇలాంటి కిట్ మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు, ఊళ్ళు తగలబెట్టిన దాన్ని ఇంత ముద్దుగా చేసుకోవడం ఏమిటండీ అని గొడవ పెట్టుకున్నాను కూడా. పోయిన వేసవిలో మాత్రం ఆ దిక్కుమాలిన బాంబర్ పూర్తయితే చాలు దేవుడా అని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఎందుకంటే ఆయనకి స్ట్రోక్ వచ్చి అప్పటికి నాలుగు నెలలు. నడక వచ్చింది, మాట వచ్చింది, కుడిచెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఇక్కడ అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్ళో కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే ఇంజనీరు ఆయన. ఆ చెయ్యి లేకపోతే ఉద్యోగం లేదు. పాత సరదా ఏదైనా మళ్ళీ మొదలుపెట్టించండి అని థెరపీ అమ్మాయి అంటే, స్ట్రోక్‌కి ముందు కొని అటక మీద పెట్టుకున్న ఈ కిట్‌ని దింపాం. ఆ అమ్మాయి నాకొక్కటే షరతు పెట్టింది. ఆయన నోరు తెరిచి అడిగితే తప్ప సాయం చెయ్యకూడదు, ఊరికే చూస్తూ కూర్చోవాలి.

ఊరికే చూస్తూ కూర్చోవడమట! మా పుట్టింట్లో ఎవరికైనా జ్వరం వస్తే మంచినీళ్ళ గ్లాసు కూడా వాళ్ళ నోటిదాకా మేమే పట్టేవాళ్ళం. అలాంటిది, ఆయన పట్టకారుతో ఒక చిన్న చక్రాన్ని ఎత్తడానికి ఇరవై నిమిషాలు అవస్థ పడుతుంటే, అది జారి బల్ల కిందకి పోతుంటే, నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన అడిగేవారు కాదు. చెయ్యి సాయం చెయ్యకూడదు కనుక నోటితో చేసేదాన్ని. "నిన్నటి కన్నా చాలా నయమండీ" అనేదాన్ని. ఏమీ నయం కాని రోజున కూడా అదే మాట.

రెక్కలు అతికాయి, తోక అతికింది. ముందు భాగంలో, బాంబులు వేసేవాడు కూర్చునే చోట, అద్దంలాంటి పారదర్శకమైన ముక్కు ఉంటుంది. అది రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ ఊడి పడింది. రెండోసారి ఆయన దాన్ని తీసి పక్కన పెట్టేశారు.

"మండే ఆఫీస్ డాక్టర్ అసెస్‌మెంట్ ఉంది కదా, మళ్ళీ డ్యూటీకి పనికొస్తానో లేదో చూడ్డానికి," అన్నారు. "ఈ ముక్కు నిలబడితే వెళ్తాను. నిలబడలేదంటే, జాబ్‌కి రాలేనని మెయిల్ పెట్టేస్తాను."

"ప్లాస్టిక్ ముక్కకీ ఉద్యోగానికీ ముడి పెడతారేమిటండీ, చోద్యం కాకపోతే!" అన్నాను.

"నాకు తెలియాలి," అన్నారు.

శనివారం పొద్దున్న మూడోసారి పెట్టారు. అద్దం ముక్కలకి వాడే పాలలాంటి తెల్ల జిగురు పూసి, ఎడమచేత్తో విమానాన్ని ఆనించి, కుడిచేత్తో ముక్కుని తెచ్చి ఆన్చారు. వేళ్ళు వణికాయి గానీ నిలబడింది. ఆ జిగురు ఆరడానికి ఒక రోజు పడుతుందట. ఆయన మొహంలో నాలుగు నెలల తర్వాత మొదటిసారి పాత మనిషి కనిపించాడు. అన్నం తిని, హాయిగా పడుకున్నారు.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. వంగి చూస్తే ముక్కు కింద వెంట్రుకవాసి సందు కనిపించింది. ఇది కూడా ఊడిపోతుందేమో అనిపించింది. మా వంటింటి సొరుగులో సూపర్ గ్లూ ట్యూబ్ ఎప్పుడూ ఉంటుంది. తెగిన చెప్పు, మిక్సీ మూత, విరిగిన పటం చట్రం, దేనికైనా అదే. ఒక్క చుక్క. ఆయనకి తెలియకుండా ఒకే ఒక్క చుక్క ఆ సందులో వేసి, ట్యూబ్ సొరుగులో పడేసి, టీ పెట్టడానికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ముక్కు అద్దం లోపలివైపు తెల్లగా గంజి పూసినట్టుంది. గుడ్డతో తుడిచాను, తడి గుడ్డతో తుడిచాను. పోలేదు. ఆయన ఎప్పుడు లేచి వచ్చారో, వెనకాలే నిలబడి ఉన్నారు.

"ఇది సూపర్ గ్లూ ఆవిరి," అన్నారు మెల్లగా. "దానికి అద్దం ఇలాగే తెల్లబడుతుంది. ఫస్ట్ కిట్‌లోనే నేర్చుకున్నా. ఆ తర్వాత ఆ ట్యూబ్‌ని అద్దం దగ్గరికి ఎప్పుడూ రానివ్వలేదు." ఆగారు. తన జిగురు డబ్బా వైపు చూశారు. అందులో తెల్ల జిగురూ, సూపర్ గ్లూ రెండూ ఉన్నాయి. "పొద్దున్న నేను ఏది తీశాను?"

"తెల్లదే తీశారు! నేను చూశాను."

"నాకూ అలాగే గుర్తుంది." కుర్చీలో కూలబడ్డారు. "చెయ్యి ఒక్కటే అనుకున్నానే. బుర్ర కూడా పోయింది."

"మీరు కాదండీ, నేను! మీరు పడుకున్నాక నేనే వేశాను, ఊడిపోతుందేమోనని!"

ఆయన నా వైపు చూసి నవ్వారు. చిన్నపిల్లలు బొంకితే నవ్వినట్టు. "ఈ కిట్ దింపినప్పట్నుంచి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు నువ్వు. ఇవాళ ముట్టుకున్నావా? మొన్న చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే గుండీదే తప్పన్నావు. నిన్న స్పూన్ జారిపోతే బ్రహ్మాండంగా పట్టుకున్నారన్నావు. ఇప్పుడు ఇది."

వంటింట్లోకి పరిగెత్తి ట్యూబ్ తెచ్చి చూపించాను.

"ఇలాంటిది నా డబ్బాలోనూ ఉందిగా."

"దేవుడి మీద ఒట్టండీ!"

"నా కోసం దేవుణ్ణి కూడా లాగకు."

నాన్నా పులి కథ చిన్నప్పుడు చదివాను గానీ, అది నా ఇంట్లో, నా నోటితోనే జరుగుతుందనుకోలేదు. ఏడ్చాను. ఇంకో ముక్కు తెప్పిద్దామన్నాను. "బుర్ర కూడా తెప్పించు," అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది, కోపం లేదు ఆ గొంతులో.

లాప్‌టాప్ తెమ్మన్నారు. "అక్కడ విషపు గ్యాస్ వాల్వులుంటాయి. ఒకటి తిప్పాననుకుని ఇంకోటి తిప్పితే పోయేది నేనొక్కణ్ణే కాదు. పక్కన కుర్రాళ్ళుంటారు." ఆయన చెప్పింది న్యాయమే, జరిగింది మాత్రం అది కాదు.

"నువ్వు టైప్ చెయ్యి," అన్నారు. ఆ కిట్ దింపాక ఆయన నోరు తెరిచి నన్ను చేతిసాయం అడగడం అదే మొదటిసారి.

"చచ్చినా చెయ్యను," అన్నాను.

సరేనని ఆయనే మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ కుడిచెయ్యి ముందుకెళ్ళింది. ఒక వేలు ఒక మీట మీద పడి అక్కడే ఉండిపోయింది. తెర మీద ఒకే అక్షరం వరసగా పరుచుకుంది. ఎడమచేత్తో ఒక్కొక్కటీ చెరిపారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే వరస. మూడోసారి కూడా చూస్తూ కూర్చోవాల్సింది. నావల్ల కాలేదు. లాప్‌టాప్ నా వైపు లాక్కున్నాను.

చేతికంటే జ్ఞాపకం మీద తనకి నమ్మకం పోయిందని, మిషన్ల దగ్గరికి రావడం క్షేమం కాదని, సోమవారం అసెస్‌మెంట్ రద్దు చెయ్యమని ఆయన చెప్పారు. నేను ఒక్క తప్పు లేకుండా కొట్టాను. పంపమన్నారు, పంపాను.

"థాంక్స్," అన్నారాయన.

ఇరవై రెండేళ్ళ కాపురంలో మా ఇద్దరి మధ్య ఆ మాట ఎప్పుడూ రాలేదు.