అక్క చేతిలో నా టార్చి

నాకు టార్చిలైట్ల పిచ్చి ఉందంటే చానామంది నమ్మరు. కర్మన్‌ఘాట్‌ల జాకెట్లు కుట్టుకునే ఆడమనిషికి టార్చిలేందని నవ్వుతరు. ఎందుకుండొద్దు? పొద్దంత రంగులతోటే గదా నా బతుకు. ట్యూబ్‌లైటు కింద ఊదా దారం నీలం లెక్క కనిపిస్తది. కుట్టినంక ఎండల చూస్తే తల పట్టుకోవాలె. గట్ల ఒకసారి పరేషానై యూట్యూబ్‌ల వెతుకుతుంటే ఈ లోకం దొరికింది. ఏ ఎల్‌ఈడీ రంగును ఉన్నదున్నట్టు చూపిస్తది, దేంట్ల ఆకుపచ్చ జీర ఉంటది, ఏది పసుపు దిక్కు పోతది అని పెద్ద పెద్దోళ్లు చిన్నపిల్లల లెక్క కొట్లాడుకునే ఒక ఫోన్ గ్రూపుల చేరిన. వెలుగు ఎంత దూరం పోతదనేది నాకు పట్టదు. తెల్లగోడ మీద కొడితే తెలుపు తెలుపు లెక్కనే ఉండాలె, గంతే. మా ఆయన ఊకుంటడా? "ఇంట్ల దొంగలు పడ్డా సరే, వాళ్ల అంగీ మీద లైటు కొట్టి రంగు మంచిగ కనిపిస్తుందా అని నన్ను అడుగుతవ్" అంటడు.

నా దగ్గరున్నవాటిల ఒకటంటే నాకు ప్రాణం. దాంట్ల రెండు రకాల ఎల్‌ఈడీలు ఉంటయి, ఒకటి పాత బల్బు లెక్క పసుపు, ఇంకోటి చల్లటి తెలుపు. బటన్ పట్టుకుంటే వెలుగు మెల్లగ పెరుగుతది, మళ్ల పట్టుకుంటే తగ్గుతది. మూడుసార్లు నొక్కి, మూడోసారి వదలకుండ పట్టుకుంటే వెలుగు కాదు, రంగే మారుతది. పసుపు నుంచి తెలుపుకు, తెలుపు నుంచి పసుపుకు, నీకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. నేనైతే మిట్టమధ్యాహ్నం డాబా మీద తెల్లగుడ్డ పరిచిన. సగం ఎండల, సగం నీడల. నీడల ఉన్న సగం మీద టార్చి కొట్టుకుంట, రెండు సగాలు ఒక్క తీరుగ కనిపించేదాంక తిప్పి అక్కడ ఆపిన. ఆ రోజు నాకు అన్నం కూడ యాదికి రాలే.

ఆ టార్చినే అక్కకు ఇచ్చిన.

అక్కంటే తోడబుట్టిన అక్క కాదు. నేను పెండ్లయి నల్గొండ దిక్కు నుంచి మీర్‌పేట్‌ల కిరాయి ఇంట్ల దిగినప్పుడు పక్క పోర్షన్‌ల ఉండె. మా ఊరికి ఆమె ఊరు దగ్గరనే. ఏ బస్సు ఎటు పోతదో చూపించింది ఆమెనే. నా మొదటి కాన్పుకు దవాఖానకు తీస్కపోయింది ఆమెనే. మా అమ్మ వచ్చేదాంక నాకు జావ కాసి పోసింది. ఆమె మాట అంటే నాకు ఇంక తిరుగు లేదు.

అక్కకు దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక కాంప్లెక్స్ సెల్లార్‌ల మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకొని ఒస్తరు, జాకెట్ పీసు కావాలంటరు. కానీ ఏ ఆడామె అయినా దుకాణంల లైటును నమ్ముతదా? పీసు పట్టుకొని మెట్లెక్కి రోడ్డు మీద ఎండల చూసుకోవాలె. అట్ల పైకి పోయినోళ్లు పక్క దుకాణం చూసి అటే పోతరు. అక్క ఇదే గోస నా ముందు వెళ్లబోసుకుంటుండె. నాకు పాణం ఉసూరుమన్నది. "ఇదిగో అక్కా, ఎండను కిందికే తెచ్చిన అనుకో" అని టార్చి చేతుల పెట్టిన. అన్నీ చూపించిన. వెలుగు ఎట్ల తగ్గించాలె, రంగు ఎట్ల మార్చాలె, మారితే మళ్ల నా సెట్టింగ్‌కు ఎట్ల తేవాలె. తెలుపుల ఎన్ని తెలుపులున్నయో కూడ చెప్పిన. ఎవరన్న వినేటోళ్లు దొరికితే నా నోరు ఆగదు గదా. ఆ తర్వాత నా దగ్గరికొచ్చే వాళ్లందరికీ ఒక్కటే చెప్పిన. అక్క దగ్గర నా టార్చి ఉంది, దాని కింద చూసుకోండి, మెట్లెక్కే పని లేదు.

ఎల్‌బీ నగర్‌ల ఒక కుటుంబం ఏండ్ల సంది నా దగ్గరనే కుట్టిస్తరు. ప్రతి ఆదివారం చర్చికి పోయేటోళ్లు. వాళ్ల పెద్దబిడ్డ పెండ్లి కుదిరింది. తెల్లచీర కొన్నరు. వాళ్లమ్మను నేనే అక్క దగ్గరికి పంపిన. జాకెట్ పీసు నా దగ్గరికొచ్చింది, చీర వాళ్లింట్లనే ఉంది. పీసు చూస్తే మీగడ రంగు. ఓహో, చీర కూడ మీగడ తెలుపేమో, ఈ రంగు ఆ పిల్లకు మంచిగుంటది అనుకున్న. చేతులకు లేసు, మెడకు ముత్యాలు, అన్నీ నా చేతులతోటే కుట్టిన. నా బిడ్డ పెండ్లికి కూడ అంత ఓపిక పట్టనేమో.

పెండ్లి పొద్దున. చర్చి పెద్ద కిటికీలల్లకెళ్లి ఎండ మంచిగ పడుతుంది. పెండ్లిపిల్ల తండ్రి చెయ్యి పట్టుకొని లోపలికొచ్చింది. చీర నీలిమందు పెట్టినంత తెలుపు. దాని మీద నా జాకెట్, పసుపునీళ్లల్ల ముంచి తీసినట్టు. నా ముందు బెంచీల ఇద్దరు ఆడోళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నరు. ఆ పిల్ల పమిటను భుజం మీదికి లాగుకుంటనే ఉంది, ప్రార్థన అయ్యేదాంక లాగుకుంటనే ఉంది.

భోజనాలకాడ నేనే దగ్గరికి పోయిన. పిల్ల కండ్లు ఎర్రగున్నయి. "ఇంట్ల కట్టుకొని చూసిన ఆంటీ. కలుస్తలేదని అమ్మకు చెప్పిన. ఇంట్ల లైటు మంచిది కాదే, ఆంటీ టార్చి కింద చూసినంక ఇంకేంది అన్నది." వాళ్లమ్మ నన్ను చూసి కూడ చూడనట్టే పక్కకు పోయింది.

అక్క తప్పు చేసి ఉంటదని నాకు అప్పుడు కూడ తోచలే. టార్చి ఖరాబయిందేమో, చార్జింగ్ అయిపోయి రంగు మారిందేమో అని దారంత నేనే సర్ది చెప్పుకున్న. తెల్లారి దిల్‌సుఖ్‌నగర్ పోయి మెట్లు దిగిన. అక్క నన్ను చూడలే. కౌంటర్ ముందట ఒక కోస్తా ఆమె మెరూన్ చీర పట్టుకొని నిలబడ్డది. "కొంచెం తేడాగా ఉన్నట్టుందండీ" అంటుంది. అక్క టార్చి తీసింది. మూడుసార్లు నొక్కి పట్టుకుంది. చీర మీది వెలుగు మెల్లగ పసుపుకు జారింది. "ఆ, కలిసిపోయింది లెండి" అన్నది ఆమె. ఎంత సాఫుగ ఆపిందో అక్క. నాకంటే మంచిగ వచ్చు.

ఆమె పోయినంక అడిగిన. "పెండ్లి చీరకు కూడ గిట్లనే తిప్పినవా అక్కా?"

కాదనలే. పీసులు మడత పెట్టుకుంట అన్నది. "తెలుపుల మస్తు తెలుపులుంటయని నువ్వే గదా చెప్పినవ్. నా దగ్గర ఆ ఒక్క తెలుపే ఉండె. పైకి పంపితే మళ్ల ఒస్తరా?"

"ఆ పిల్ల అందరి ముందు అట్ల నిలబడ్డది."

"పెండ్లయితే ఆగలే గదా." నా దిక్కు చూడకుండనే అన్నది. "వాళ్లమ్మ ఫోన్ చేసింది. సెట్టింగ్ మా చెల్లె పెట్టింది, ఆ బటన్లు నాకు తెల్వయని చెప్పిన. నువ్వేమనుకోకు. నువ్వు మంచిదానివని వాళ్లకు ఎరుకే, నాలుగు రోజులకు మర్చిపోతరు. నన్నైతే దుకాణం ముందటికొచ్చి లొల్లి చేస్తరు."

నా ఒళ్లు మండిపోయింది. టార్చి దొబ్బినా ఇంత బాధ కాకపోవు. జావ పోసిన చెయ్యి అదే, బటన్ నొక్కిన చెయ్యి అదే. తిట్టాలని నోరు తెరిచిన, ఏడుపొచ్చింది. ఏడుస్తున్నందుకు నా మీద నాకే ఇంకింత కోపమొచ్చింది. టార్చి గుంజుకొని మెట్లెక్కిన.

అటే ఎల్‌బీ నగర్‌కు మెట్రో ఎక్కిన. పెండ్లింట్ల ఇంక కుర్చీలు కూడ సర్దలే. పెండ్లిపిల్ల తల్లి నాకు మంచినీళ్లు ఇచ్చింది, కూచోమన్నది. చెప్పిన, అంత చెప్పిన. టార్చి తీసి తెల్లగోడ మీద కొట్టి, పసుపు చేసి, తెలుపు చేసి చూపించిన. ఆమె గోడను చూసింది, నన్ను చూసింది.

"ఆమె నీ పేరు చెప్పింది. నువ్వు ఆమె పేరు చెప్తున్నవ్" అన్నది. కోపం లేదు గొంతుల, ఉన్నా బాగుండు. "ఎట్ల మారుతదో నీకు ఇంత మంచిగ ఎరుకున్నది గదమ్మా."

టార్చి ఆర్పిన. లేచి గడప దాటుతుంటే వెనక నుంచి, "మా చిన్నదాని జాకెట్ పీసులు రెండు నీ దగ్గరున్నయ్, వాటిని కుట్టకు, రేపొచ్చి తీస్కపోత" అన్నది.