సర్వర్ తలుపు, బోరు తాళం

దగ్గరికి జరిగి కూర్చోండి, నాలో ఇంకా చల్లారని కోపం ఒకటి చెబుతాను.

మొయినాబాద్ రోడ్డు మీద మా మరిది కొడుక్కి ఆఫీసు ఉన్నది. ఒకే సర్వర్ కంప్యూటర్‌ను అరలుగా పంచి, ఎందరివో వెబ్‌సైట్లకు కిరాయికి ఇస్తాడు. చేవెళ్ల దగ్గర మా చేనిలో పూసే చామంతి, గులాబీ అమ్మడానికి నా కోడలు పెట్టిన సైటూ అందులోనే. పొద్దున కోసిన పూల ఫొటో పెడితే పట్నం నుంచి ఆర్డర్లు రావాలి. కానీ ఫొటో బరువుగా ఉండి కొనేవాళ్ల ఫోన్లలో తెరుచుకునేది కాదు. దాన్ని చిన్నది చేసే ప్రోగ్రామ్ ఆ సర్వర్‌లోనే ఉన్నది. మా సైటు దాన్ని ముట్టుకోకుండా వాడు మూసిపెట్టాడు.

"ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు దారి ఇయ్యి బావా," అని కోడలు నెల రోజులు బతిమాలింది.

"నీ సతాయింపు పడలేక అందరి సైట్లకు అన్ని ప్రోగ్రాములు తెరిచిన. పో, పండుగ చేసుకో!" అన్నాడు చివరికి.

వారం తిరగలేదు. ఇంకో కిరాయిదారు సైటులో దొంగ ఎవడో దూరాడు. తెరిచిన ఆ దారినే వచ్చి, చెరిపే ప్రోగ్రామ్‌తో మా పూల ఫొటోలన్నీ తుడిచేశాడు. ఆర్డర్లు రాక, కోసిన చామంతి గంపల్లోనే కమిలిపోయింది. "నువ్వు అడిగినందుకే గిట్లయింది," అని వాడు కోడలినే తిట్టి, మళ్లీ అన్నీ మూశాడు.

నేనే ఆఫీసుకు వెళ్లాను.

"ఒక్కటి అడిగితే అన్ని ఎందుకు తెరిచినవ్‌రా?"

"సదువు రానిదానివి, నీకేం సమజైతది పెద్దమ్మా? పోయి పూలు గుచ్చుకో."

నలుగురి ముందు అన్నాడు. ఇంటికి వచ్చేశాను.

చేని దగ్గర మా రెండిళ్లకూ బోరు ఒక్కటే, నీళ్లు వంతుల వారీగా. స్టార్టర్ డబ్బా తాళంచెవి మా అత్త నా చేతిలో పెట్టింది. ఎవరి వంతు వచ్చినా దాన్ని ఇవ్వను. నేనే వెళ్లి మోటారు వేస్తాను. మూడో రోజు వాడి వంతు.

"చెవి ఇటియ్యి, నేనే ఏసుకుంట," అన్నాడు తొందరగా.

"ఇయ్య. డబ్బాల అందరి వైర్లు ఉన్నయి. నీ నీళ్లు నేను పెడ్త. కోడలి పని నువ్వు గూడ గిట్లనే చెయ్యి. చెవి నీ తాననే ఉంచుకో, అడిగిన పనొక్కటి చేసిపెట్టు."

ముఖం మాడ్చుకున్నాడు. వాడి మడికి నీళ్లు పెట్టే వచ్చాను. వంతు ఆపడం మా ఇంట లేదు.

సాయంత్రానికి, మా సైటు అడిగితే ఫొటో చిన్నది చేసిచ్చే ఆ ఒక్క ప్రోగ్రామే నడిచేలా పెట్టాడు. మిగతావాటికి తలుపు మూసే ఉన్నది. మరునాటి పూలన్నీ అమ్ముడయ్యాయి. వాడు తప్పయిందని అనలేదు, నేను పలకరించలేదు. ఇప్పటికీ వాడి వంతు రోజున మోటారు వేసి, ముఖం చూడకుండా వచ్చేస్తాను.

ఇంతసేపు విన్న మీ ఇల్లు పూల మడిలా కళకళలాడాలి. మీ కోడళ్ల మీద నోరు పారేసుకునేవాడు మీ గడప తొక్కకుండా ఉండాలి.