అమ్మ అత్తరు సీసా

నిన్న నాంపల్లిలో ఒక దుకాణం ముందు మల్లె అత్తరు వాసనకు కాళ్లు ఆగిపోయాయి. తొంభైల్లో మన అమ్మలు ఆ బుడ్డి సీసాలను బీరువాలో చీరల మధ్య దాచేవాళ్లు, గుర్తుందా?

మా అమ్మ పోయిన పదకొండో రోజే, మాతో ఉండే మేనత్త ఆమె పట్టుచీరలన్నీ తన పెట్టెలో సర్దుకుంది. నేను ఏడిస్తే, "సచ్చినోళ్లకు చీరలెందుకే?" అంది.

ఖాళీ బీరువాలో అత్తరు సీసా ఒక్కటే మిగిలింది. ఉతికి ఆరేసిన అత్త సొంత చీరల మీద రోజూ ఒక చుక్క వేశాను.

"నీ పెండ్లాం ఇంట్లనే తిరుగుతుందిరా తమ్మీ!" అని ఆ వాసనకు అత్త నాన్న ముందు వణికిపోయింది. నెల తిరక్కుండా పట్టుచీరలు బీరువాలోకి తిరిగొచ్చాయి. అయినా సీసా అయిపోయేదాకా నేను ఆపలేదు.

దయ్యాలు నిజమా, భ్రమా అని ఎవరైనా వాదిస్తే నవ్వొస్తుంది. ఆబిడ్స్‌లో మా ఇంట్లో ఒకటి నిజంగానే ఉండేది. ఐదో తరగతి చదివేది.