స్టూడియో అద్దంలో మా నాయనమ్మ

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా వీధి మొదట్లో ఒక ఫొటో స్టూడియో ఉండేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాయనమ్మ ఏటా కొమురవెల్లి మల్లన్న జాతరలో బోనం ఎత్తుకునేది. ఆ ఏడు అక్కడ తలస్నానం చేసి, ఒంటి మీది చీరనే సగం చుట్టుకుని, మిగతా సగం ఎండకు పట్టుకుని ఆరబెట్టుకుంటోంది. మార్చుకోవడానికి ఇంకోటి లేని ఆడవాళ్లందరూ అలాగే ఆరబెట్టుకునేవారు. మగవాళ్లు తల తిప్పుకుని పోయేవారు. భక్తుల ఫొటోలు తీయడానికి వచ్చిన స్టూడియో సారు మాత్రం ఆగి మరీ తీశాడు. పెద్దది చేసి దుకాణం అద్దంలో పెట్టాడు. బజారంతా చూసింది. నాయనమ్మ గడప దాటడం మానేసింది, మల్లన్న దగ్గరికి కూడా ఇక పోనంది.

మా మేనత్త వెళ్లి తీసేయమని బతిమాలింది. "గది కళ చెల్లె, నీకు సమజ్ గాదు" అని నవ్వాడట. నేను రాయి పట్టుకుని బయల్దేరాను. మేనత్త నా రెక్క పట్టుకుని ఆపింది.

"పలగ్గొడితె రేపటికి కొత్త అద్దం బిగిస్తడు. జర ఆగు బిడ్డా."

ఆ నిదానం చూసి నాకు ఆమె మీద కూడా కోపమొచ్చింది.

జాతర ఉగాది దాకా ప్రతి ఆదివారం సాగుతుంది. ఒక వారం సారు కూడా ఇంటిల్లిపాదితో మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడు. మేనత్త దగ్గర దుబాయి నుంచి మామ తెచ్చిన కెమెరా ఉంది. సారు గుండు చేయించుకుని, చెడ్డీతో బోరింగు దగ్గర కూర్చుని, ఒళ్లంతా నురగతో నీళ్లు కొట్టమని అరుస్తుంటే ఎదురుగా నిలబడి తీసింది. ఆయన చేతికిస్తే రీలు పాడైందంటాడని గజ్వేల్‌లో కడిగించింది. నాయనమ్మ ఫొటో ఎంతుందో అంత పెద్దది చేయించి, గిరాకీ నిండుగా ఉన్న వేళ సారు ముందు పెట్టింది.

"మంచిగొచ్చింది గద సారూ? ఫ్రేము కట్టి మా అవ్వ పక్కన పెట్టున్రి."

"గిదేంది చెల్లె! నా ఇజ్జత్ పోతది."

"మా అవ్వకు లేదా ఇజ్జత్?"

సారు ముఖం మాడిపోయింది. నాకు పండగలా అనిపించింది. అప్పటికప్పుడు తన చేతులతోనే నాయనమ్మ ఫొటో దించి, నెగెటివ్‌తో సహా ఇచ్చేశాడు. తన నెగెటివ్ ఇమ్మని ఇంటికొచ్చి మరీ వేడుకున్నాడు. మేనత్త ఇవ్వలేదు. చివరి ఆదివారం నాయనమ్మ బోనమెత్తింది.

మేనత్త పోతూ ఆ నెగెటివ్ నాకిచ్చింది. సారు కూడా పోయి చాలా ఏళ్లయింది. ఇంకెందుకు, పారేయమంటారు మా పిల్లలు. అప్పుడప్పుడు దాన్ని వెలుతురుకు పట్టి చూస్తాను, మళ్లీ జాగ్రత్తగా దాచుకుంటాను.