లోపలి కంప్యూటర్‌కు స్నానం

నారాయణఖేడ్‌లో రుద్రేష్ ఫోటో స్టూడియో మెట్లెక్కిన వాళ్లెవరూ ఆయన స్కానర్ గొప్పలు వినకుండా బయటపడలేరు. తండ్రి బండెప్ప బీదర్‌లో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన స్కానర్ అది. ఫోన్ తీసి టక్కున ఫోటో కొట్టేసే రోజుల్లో ఆ డబ్బా ఇంకా ఎందుకయ్యా అంటే రుద్రేష్‌కు ఎక్కడలేని కోపం వస్తుంది.

"ఫోన్‌ల వస్తదా గీ సఫాయి?" అని మీదికొస్తాడు.

చిక్కల్లా, కొత్త కంప్యూటర్ ఆ స్కానర్‌ను గుర్తుపట్టదు. తయారు చేసినవాళ్లు దాని సంగతి ఏనాడో వదిలేశారు. పక్కవీధిలో కంప్యూటర్లు బాగుచేసే దుర్గేశ్ ఒక ఉపాయం చెప్పాడు. కొత్త కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ వేసి, దాని కడుపులో పాత విండోస్‌ను నడిపించాడు. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఇంకో కంప్యూటర్ నీలాకాశం, పచ్చగుట్ట బొమ్మతో సహా నిద్రలేస్తుంది. పెట్టె ఒకటే, కంప్యూటర్లు రెండు. లోపలిదానికి ఆ స్కానర్ పాత చుట్టం. అడిగిన వెంటనే మాట్లాడింది. ఆ రోజు రుద్రేష్ సంబరం చూడాల్సిందే.

లోపలి కంప్యూటర్‌కు ఇంకో గుణం కూడా ఉంది. ఒక రోజు అది ఎలా ఉందో అలాగే గుర్తు పెట్టించి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ ఆ రోజుకే పంపేయవచ్చు. నడుమ చేరిన వైరస్‌లు, చెత్తాచెదారం మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి. ఈ మాట విన్నాక రుద్రేష్ తనకంటూ ఒక ఆచారం పెట్టుకున్నాడు. దసరాకు ఊళ్లో ఆటోలు, ట్రాక్టర్లు కడుగుతారు, కుట్టుమిషన్లు తుడుస్తారు, అన్నిటికీ బొట్లు పెడతారు. కంప్యూటర్ మీద బిందెడు నీళ్లు గుమ్మరించలేం కదా! అందుకని దసరా పొద్దున లోపలిదాన్ని దుర్గేశ్ మొదట అమర్చిన రోజుకు పంపేసి, తెరకు కుంకుమ పెట్టేవాడు.

"నా దానికి తానమైంది," అని నవ్వేవాడు.

పని పూర్తయిన ఫోటోలను మాత్రమే బయటి కంప్యూటర్‌లోకి తీసేవాడు. పని సాగుతున్నవి లోపలే ఉండేవి. స్నానానికి ముందు ఒకసారి లోపలంతా చూసుకునేవాడు కాబట్టి ఏ ఏడూ ఏమీ పోలేదు.

మొన్నటి దసరాకు ముందురోజు నాగల్‌గిద్ద నుంచి రేవమ్మ వచ్చింది. కొంగుముడి విప్పి పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి బల్ల మీద పెట్టింది. రెండు జడల పిల్ల. చెమ్మ పట్టి బుగ్గ మీద, కనుబొమ్మ దగ్గర తెల్లటి మరకలు పాకాయి.

"మా నర్మద తమ్మీ. మూడో తరగతిల ఉండంగ జరమొచ్చి పోయింది. చానేండ్లాయె. గిదొక్కటే ఉన్నది. కొత్తిల్లు కట్టుకున్నం, గోడకు పెద్దగ పెట్టాలె." గొంతు తగ్గించింది. "ఈ నడుమ పిల్ల మొఖం సరిగ యాదికొస్తలేదు."

స్కానర్ వెలుగు ఆ మూల నుంచి ఈ మూలకు నడిచినంతసేపూ ఆమె బల్ల అంచు వదల్లేదు. రుద్రేష్ ఫోటో తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇగ ఫికర్ చెయ్యకు అక్కా. గీ కంప్యూటర్ లోపట ఇంకో కంప్యూటరుంది, బీరువల లాకర్ లెక్క. మీ బిడ్డ అండ్ల భద్రంగ ఉన్నది."

"హౌదా, నిజమేనా?" అంది రేవమ్మ ఆశ్చర్యంగా. ఆ రోజు ఆమె నవ్వుతూనే బస్సెక్కింది.

సాయంత్రమంతా రుద్రేష్ ఆ ఫోటో ముందే కూర్చున్నాడు. తెర నిండా పెంచుకుని ఒక్కొక్క మరకా ఓపికగా తీశాడు. బుగ్గ అయింది, కనుబొమ్మ మిగిలింది. పండుగ వెళ్లాక చూద్దామని లోపలే వదిలేశాడు. తెల్లవారి దుకాణం తీసేసరికే, ట్రాక్టర్ పూజకు ఫోటోలు తీయాలని ఒకరు గుమ్మం ముందు బండి హారన్ కొడుతున్నారు. ఆ హడావిడిలో లోపల ఏముందో చూడకుండానే స్నానం చేయించి, కుంకుమ పెట్టి, కెమెరా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పండుగ వెళ్లాక తెరిచి చూస్తే నీలాకాశం, పచ్చగుట్ట. ఇంకేమీ లేదు.

దుర్గేశ్ వచ్చి మధ్యాహ్నమంతా తంటాలుపడి చివరికి చేతులెత్తేశాడు. "అది ఎన్కకు పోయిందన్నా. దాని లెక్కల గా ఫోటో అసలు రానే లేదు."

రుద్రేష్ తనను తాను బాగా తిట్టుకున్నాడు. ఫోన్‌తో ఒక్క ఫోటో కొట్టి ఉంచినా సరిపోయేది. అయినా అసలు ఫోటో ఆమె దగ్గరే ఉంది కదా, మళ్లీ ఎక్కిస్తే సరి, నాలుగు చీవాట్లు తింటే పోయేదేముంది అనుకున్నాడు.

ఆ వారంలోనే రేవమ్మ వచ్చింది.

"పాత ఫోటో ఒకపారి ఇయ్యి అక్కా. ఇంకోపారి ఎక్కిస్త."

"అదేడుంది తమ్మీ? దసరాకు ఇల్లంత కడుక్కున్నం. చెడిపోయిన పటాలు ఇంట్ల ఉంచొద్దంటరు గదా. పగిలిన దేవుని పటంతోని అది గూడ మంజీర నీళ్లల్ల ఇడిసిన. భద్రంగ ఉన్నదని నువ్వే అంటివి."

రుద్రేష్ స్టూలు ఆమె వైపు జరిపాడు. జరిగింది చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె అరుస్తే బాగుండు, శాపనార్థాలు పెడితే ఇంకా బాగుండు అనిపించింది. ఆమె తెర వైపు మాత్రం చూసింది.

"ఎన్కకు పోయిందా? మరి మల్ల ముందుకు తేరాదా?"

"రాదక్కా."

"ఎన్కకు పోతది గని ముందుకు రాదా," అంటూ స్టూలు మీద కూలబడింది. కొంగు చేతిలో నలుగుతోంది. తలెత్తి అడిగింది. "నువ్వన్న సూసినవ్ గదా, గంతసేపు. ఎట్లుండె మా పిల్ల?"

రుద్రేష్ కళ్లు మూసుకున్నాడు. మరకలు గుర్తొచ్చాయి. బుగ్గ మీది మరక ఏ ఆకారంలో ఉందో, కనుబొమ్మ దగ్గరిది ఎంత మేర పాకిందో, అన్నీ పొల్లుపోకుండా గుర్తున్నాయి. పిల్ల ముఖం మాత్రం రాలేదు. ఊరికే కూర్చోలేక నోటికొచ్చిన మాట అనేశాడు.

"నవ్వుతుండె అక్కా."

రేవమ్మ తల అడ్డంగా ఊపింది.

"లేదు తమ్మీ, నవ్వలే. ఫోటో తీసేటాయన నవ్వొద్దన్నడని ఇంటికొచ్చి ఏడ్సింది. నాకు గదొక్కటే యాదికున్నది."